రెండున్నర మార్కులు

మా ఇంటి తులసికోటలో ఉన్నది లక్ష్మీ తులసి. నర్సరీవాడు లేతపచ్చ ఆకులతో ఇచ్చాడు, మేమూ అలాగే నాటాం. రెండు రోజులు కడక్కుండా వదిలేస్తే అదే కృష్ణ తులసి అవుతుంది. విశాఖ పాతనగరం వైపు కాపురం ఉన్నవాళ్ళకి ఈ మహిమ కొత్తేమీ కాదు. పొద్దున ఆరేసిన పంచె సాయంత్రానికి మసిగుడ్డ. కిటికీ చువ్వ మీద వేలు రాస్తే కాటుక. పసిపిల్లలకి దిష్టిచుక్క పెట్టడానికి ఎవరూ శ్రమపడక్కర్లేదు, కాసేపు డాబా మీద ఆడనిస్తే ఆ సంగతి గాలే చూసుకుంటుంది.

ఈ దుమ్ము ఎవరిదో మాత్రం ఇంతవరకూ తేలలేదు. ఊరి ఒడిలోనే రేవు ఉంది, రేవులోకి బొగ్గు వస్తుంది, ఇనుప ఖనిజం వస్తుంది, గుట్టలు పడతాయి, లారీలకీ వ్యాగన్లకీ ఎక్కుతాయి. నీళ్ళు చల్లుతున్నాం, టార్పాలిన్లు కప్పుతున్నాం, మొక్కలు నాటుతున్నాం అన్న మాట ఊరు ఏళ్ళ తరబడి వింటూనే ఉంది. గుట్టల వాళ్ళు లారీల వైపు చూపిస్తారు. లారీల వాళ్ళు రోడ్డు వైపు చూపిస్తారు. రోడ్డు వాళ్ళు సముద్రపు గాలి వైపు చూపిస్తారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఇక్కడ కాస్త తేడా, రొయ్యలు మాయమవడానికి బదులు మా వాకిట్లో ప్రత్యక్షమవుతాయి.

ఒకరోజు మా అమ్మ గడప దగ్గర ఊడ్చిన నల్లపొడిని చేటలోకెత్తి, "ఇదెక్కడివ్వాలో కనుక్కోరా" అంది. కనుక్కుందామని ఒక కార్యాలయానికి ఫోన్ చేశాను. ఏ కార్యాలయమో చెప్పను, చెప్పినా వాళ్ళు ఒప్పుకోరు.

"నల్లదుమ్ము పడుతోందండీ."

"సైజెంత ఉంటుంది?"

"చేటెడు."

"అది కాదండీ, రేణువు సైజు."

"కంటికి కనిపిస్తోంది సార్."

అవతల ఆయన నిట్టూర్చాడు. "కనిపిస్తే మా లెక్కలోకి రాదండీ. పది మైక్రాన్లు, అంతకంటే చిన్నవే మేం కొలిచేది."

"మరి ఆ కనిపించనివి ఎలా ఉన్నాయి?"

"ఇవాళా? సంతృప్తికరం."

ఫోన్ పెట్టేశాక అర్థమైంది, ఈ దేశంలో దుమ్ము రెండు రకాలు. కనిపించేది లెక్కలో లేదు. లెక్కలో ఉన్నది కనిపించదు.

'సంతృప్తికరం' అన్న మాట ఆయన సొంతం కాదు, అది సర్కారు వారి పారిభాషిక పదం. గాలి నాణ్యతా సూచిక అని 2015లో దేశం మొత్తానికీ ఒకటి పెట్టారు. సున్నా నుంచి యాభై దాకా బాగున్నట్టు. యాభై ఒకటి నుంచి వంద దాకా సంతృప్తికరం. రెండు వందల దాకా ఒక మోస్తరు. ఆ పైన పేలవం, మరీ పేలవం, చివరికి తీవ్రం. 'సంతృప్తికరం' అన్న గడికి ఎదురుగా ఏం రాశారో చూడండి: సున్నితమైనవారికి ఊపిరి తీసుకోవడంలో స్వల్ప ఇబ్బంది ఉండవచ్చునట. మరి సంతృప్తి ఎవరికయ్యా అంటే, బహుశా ఊపిరితిత్తులు లేనివాళ్ళకి. 'ఒక మోస్తరు' దగ్గరికొచ్చేసరికి ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్ళకి ఆయాసం. పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఎలా ఉన్నాడంటే ఒక మోస్తరుగా ఉన్నాడంటాం. ఆ అబ్బాయి ఇంత ఆయాసపెడతాడని ఎవరం అనుకుంటాం?

ఊపిరితిత్తుల లోలోపలి గదుల దాకా పోయే సన్నరేణువుని పీఎం 2.5 అంటారు. అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకు తక్కువ. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతో ముప్పయ్యో వంతో ఉంటుంది. ముక్కులో వెంట్రుకలు దాన్ని ఆపలేవు, దగ్గినా బయటికి రాదు, రక్తంలోకి కూడా దిగిపోతుంది. అక్కణ్ణించి గుండెపోటు, పక్షవాతం, బరువు తక్కువ బిడ్డలు. ఇలాంటిది ఘనపు మీటరు గాలిలో ఇరవై నాలుగు గంటల సగటున 15 మైక్రోగ్రాములు మించకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశపు హద్దు 60. ఏడాది సగటుకి వాళ్ళ హద్దు 5, మనది 40. అంటే మన ఊపిరితిత్తులు పాశ్చాత్యుల వాటికంటే ఎనిమిదింతలు గట్టివని 2009లోనే గెజిట్‌లో అచ్చయింది. ఆత్మనిర్భరత అన్న మాట ఇంకా పుట్టకముందే మన వక్షస్థలం దాన్ని సాధించేసింది.

ఇందాకటి గాలి నాణ్యతా సూచిక 500 దగ్గర ఆగిపోతుంది. ఢిల్లీలో నవంబరు వస్తే యంత్రాలు అక్కడిదాకా పాకి, మేకు కొట్టినట్టు నిలబడతాయి. అంతకుమించి ఎంత పీల్చినా ఉచితం.

ఇక ఈ గాలిని బాగుచేసే మహాయజ్ఞం సంగతి. 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం మొదలైంది. 131 నగరాలు. ఆంధ్రప్రదేశ్ నుంచి పదమూడు: విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు మొదలుకొని శ్రీకాకుళం, చిత్తూరు దాకా. తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి. 2024కల్లా ధూళిని ఇరవై నుంచి ముప్పై శాతం తగ్గిస్తామన్నారు. గడువు దగ్గరపడేసరికి లక్ష్యాన్ని నలభై శాతానికి పెంచి, గడువుని 2025-26కి జరిపారు. చదువు రాని పిల్లాడు మార్చిలో తప్పి, సెప్టెంబరులో ఫస్ట్ క్లాసు తెస్తానని తండ్రికి మాటిచ్చినట్టు.

నగరాలకి హుషారు రావాలని ఏటా పోటీ కూడా పెడుతున్నారు. స్వచ్ఛ వాయు సర్వేక్షణ్ అని దాని పేరు. మార్కులు ఇలా వేస్తారు. చెత్తా చెదారం తగలబెట్టకుండా ఆపినందుకు నూటికి 20. రోడ్డు దుమ్ము అణిచినందుకు 20. వాహనాల పొగకి 20, పరిశ్రమల పొగకి 20. కట్టడాల శిథిలాల దుమ్ముకి 5. ఇతరత్రా 10. జనానికి అవగాహన కలిగించినందుకు, అంటే బ్యానర్లకీ ర్యాలీలకీ, రెండున్నర. చిట్టచివర్న గాలిలో ధూళి నిజంగా తగ్గినందుకు ఇంకో రెండున్నర.

మరోసారి చదువుకోండి, అచ్చుతప్పు కాదు. గాలి బాగుపడితే నూటికి రెండున్నర మార్కులు. గాలి బాగుపడాలని బ్యానరు కట్టినా రెండున్నర మార్కులే. వంటల పోటీలో గరిట పట్టిన తీరుకీ, కొంగు దోపిన ఒడుపుకీ తొంభై ఏడున్నర వేసి, కూర రుచికి రెండున్నర వేసినట్టు. ఇలాంటి పోటీలో కూర వండకుండానే బంగారు పతకం కొట్టొచ్చు. పీఎం 2.5 అన్న పేరు విని, దాని యోగ్యతకు రెండున్నర మార్కులు చాలనుకున్నారేమో పాపం. ఆ రెండున్నరైనా దానికి దక్కిందా? దక్కలేదు. ఆ మార్కులు కూడా పీఎం 10కే, అంటే లావుపాటి ధూళికే. లోపలికి పోయి ప్రాణం తీసే సన్నరేణువు ఈ పరీక్షకి హాల్‌టికెట్టే తెచ్చుకోలేదు.

లావుదుమ్ము మీద ఇంత మమకారం ఎందుకో తెలుసుకోవాలంటే డబ్బు ఎటు పోయిందో చూడాలి. నీరు పల్లమెరుగు, నిధులు కాంట్రాక్టునెరుగు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు 2024లో లెక్క తీశారు. ఈ కార్యక్రమం కింద నగరాలకి ఇచ్చిన 10,566 కోట్లలో ఖర్చయినదాని సంగతి: రోడ్డు దుమ్ము మీద 64 శాతం. అంటే రోడ్లు వేయడం, వెడల్పు చేయడం, గుంతలు పూడ్చడం, ఊడ్చే యంత్రాలు, నీళ్ళు చల్లే బళ్ళు. చెత్త, చితుకులు తగలబెట్టడాన్ని ఆపడానికి 14.51 శాతం. వాహనాల పొగ మీద 12.63 శాతం. పరిశ్రమల పొగ మీద 0.61 శాతం. రూపాయికి పైసా కూడా కాదు. కొండదేవరకి కొబ్బరికాయ కొట్టి చిప్ప తెచ్చుకునేవాళ్ళు కూడా ఇంతకంటే ఎక్కువే వదిలిపెట్టి వస్తారు.

ఇందులో పిచ్చితనం ఏమీ లేదు, మంచి లోకజ్ఞానం ఉంది. రోడ్డు దుమ్ముకి యజమాని లేడు. దానికి లాయరు లేడు, సంఘం లేదు, ఎన్నికల విరాళం ఇవ్వదు. దాని మీద నీళ్ళు చల్లితే నోటీసివ్వదు, స్టే తేదు. చిమ్నీ పొగకి మాత్రం గేటు ఉంది, గేటు దగ్గర గార్డు ఉన్నాడు, లోపల ఏసీ గదిలో బ్యాలెన్స్‌షీటు ఉంది. అంచేత చీపురు పట్టుకున్నవాడు ఎటు నడుస్తాడో మీరే చెప్పండి.

మా వీధిలోకి అప్పుడప్పుడు నీళ్ళు చల్లే బండి వస్తుంది. వెనకాల ఫిరంగిలాంటి గొట్టం, అందులోంచి పొగమంచులాంటి తుంపర. పిల్లలు వెంటపడి తడుస్తారు. ముసలాళ్ళు అరుగులెక్కుతారు. బండి పోయిన పావుగంటకి రోడ్డు ఆరుతుంది, మరో పది నిమిషాలకి లారీ వస్తుంది, దుమ్ము లేస్తుంది. కానీ ఫొటో అప్పటికే అప్‌లోడ్ అయి ఉంటుంది. ఫొటోలో ఆకాశం నీలం.

మా ఊరి దుమ్ముకి యజమాని లేడని కూడా అనలేం, అదే విశాఖ ప్రత్యేకత. ఉత్తరాన సింహాచలం కొండలు, కైలాసగిరి. దక్షిణాన యారాడ కొండ, దాని కొసనే డాల్ఫిన్స్ నోస్. మధ్యలో ఊరు దొన్నెలా ఉంటుంది. దొన్నెలో ఎవరైనా పాయసం పోసుకుంటారు. మన పెద్దలు ఫ్యాక్టరీలు పోశారు. 1933లో రేవు, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1961లో పాలిమర్లు, 1967లో ఎరువులు, 1977లో జింకు, ఆ తర్వాత ఉక్కు, 2002లో పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం. పేరంటానికి పిలిచినట్టు ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టారు. పగలు సముద్రపు గాలి పొగని ఇళ్ళవైపు తోస్తుంది. చలికాలం రాత్రి నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుంటుంది. దొన్నెకి విస్తరాకు మూత. పదార్థం చెడకుండా తెల్లారేదాకా అలాగే ఉంటుంది.

ఉద్యోగాలు వచ్చాయి, కాదనను. మా నాన్న జీతం కూడా ఆ దొన్నెలోంచే వచ్చింది. ఆయన దగ్గూ అందులోంచే వచ్చింది. జీతం రిటైరైన రోజున ఆగింది.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకి మార్కులు వేసింది. డెబ్భై దాటితే అతి తీవ్ర కాలుష్య ప్రాంతం. అలాంటివి 43 తేలాయి. విశాఖ డెబ్భై దాటింది, పటాన్‌చెరు-బొల్లారం కూడా దాటింది. గాలి బాగుంటే రెండున్నర వేసే దేశంలో, గాలి చెడితే డెబ్భై వేశారు. మార్కులు ఎక్కడ దండిగా పడతాయో అక్కడే కదా విద్యార్థి శ్రద్ధ పెట్టేది.

కొలిచే యంత్రం సంగతి కూడా చెప్పుకోవాలి. గాలిని నిరంతరం కొలిచి, దేశమంతా చూసేలా చూపించే స్టేషన్ మా నగరానికి చాలా ఏళ్ళ పాటు కార్పొరేషన్ పేరు మీద ఉన్న ఒకటే. గాజువాక ఊపిరి, మల్కాపురం ఊపిరి, జ్ఞానాపురం ఊపిరి, రుషికొండ ఊపిరి, అన్నీ కలిపి ఆ ఒక్కటే పీల్చింది. ఇరవై లక్షల మందికి ఒకే ముక్కు. పాపం దానికి జలుబు చేస్తే ఊరంతా ఆ రోజు 'సమాచారం లేదు'.

2020 మే 7 తెల్లవారుజామున మాత్రం ఏ యంత్రమూ చెప్పక్కర్లేకపోయింది. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్ళు లేచి పరిగెత్తారు, పరిగెత్తినవాళ్ళు దారిలో పడిపోయారు. మేకలు, పశువులు కట్టుకొయ్యల దగ్గరే ఒరిగిపోయాయి. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. తమకు కేంద్రం ఇచ్చే పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే అంతకు ముందటి ఏడాది ప్రమాణపత్రంలో రాసిచ్చింది. రాసిచ్చిన కాగితం ఫైల్లో భద్రంగా ఉంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ యాభై కోట్లు కట్టమంది. ఈ పేరాలో వ్యంగ్యం రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

గాలి ఒక్క రాత్రిలో చంపితే విచారణ సంఘం వేస్తారు. ఇరవై ఏళ్ళు తీసుకుని చంపితే డాక్టరు 'గుండె ఆగి' అని రాస్తాడు. గుండె ఆగకుండా ఎవరైనా చనిపోతారా? 2021 ఒక్క ఏడాదిలోనే గాలి కాలుష్యం వల్ల మన దేశంలో 21 లక్షల మంది చనిపోయారని స్టేట్ ఆఫ్ గ్లోబల్ ఎయిర్ నివేదిక అంచనా వేసింది. మన పార్లమెంటులో లెక్క వేరు. కాలుష్యం వల్ల ఆయుష్షు తగ్గుతుందని మన దేశపు అధ్యయనం ఏదీ తేల్చలేదని 2019 డిసెంబరులో అప్పటి పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్ చెప్పారు. కేవలం గాలి వల్లే ఫలానావాడు పోయాడని నిర్ధారించే సమాచారం లేదన్న జవాబు ఆ తర్వాత కూడా సభలో వినిపిస్తూనే ఉంది. నిజమే. పోయినవాళ్ళలో ఒక్కడైనా వచ్చి సాక్ష్యం చెప్పలేదు. నిప్పు లేనిదే పొగ రాదని సామెత. పొగ ఉన్నా నిప్పుతో దానికి ప్రత్యక్ష సంబంధం రుజువు కాలేదన్నది సర్కారు సామెత.

బొగ్గు విద్యుత్తు కేంద్రాల కథ మా మేనత్త కొడుకు పెళ్ళి కథలాంటిది. చిమ్నీల్లోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో పోతూ పోతూ సల్ఫేటు రేణువుగా మారుతుంది, అదీ మన సన్నరేణువే. దాన్ని చిమ్నీ దగ్గరే కడిగే యంత్రం పెట్టుకోవాలని 2015 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చారు. రెండేళ్ళలో ముహూర్తం అన్నారు. 2017 వచ్చింది, మూఢం. 2022కి మార్చారు. అప్పటికి శూన్యమాసం, ఇంకో రెండేళ్ళు. తర్వాత ఇంకో రెండేళ్ళు. 2024 డిసెంబరు ఆఖరున మరో మూడేళ్ళు పొడిగించారు. చివరికి 2025 జులైలో పురోహితుడే లేచి, ఇందులో నూటికి 78 మందికి అసలు పెళ్ళే అక్కర్లేదని తేల్చేశాడు. పదేళ్ళు ఎదురుచూసిన పెళ్ళికూతురు మాత్రం ఇంకా ఊపిరి బిగబట్టుకునే ఉంది. ఆవిడకి వేరే దారి లేదు కూడా.

తప్పు చేస్తే జైలు భయం అయినా ఉండేది కదా అంటారా? 1981 నాటి గాలి చట్టంలో ఉండేది. 2023లో జనవిశ్వాస్ అని ఓ చట్టం తెచ్చి, ఆ జైలు శిక్షల్లో చాలావాటిని తీసేసి జరిమానా పెట్టారు. పదివేల నుంచి పదిహేను లక్షల దాకా. పేరెంత బాగుందో చూడండి, జనవిశ్వాస్. శ్వాస ఆ పేరులోనైనా మిగిలింది.

ఆకాశం మీద ప్రయోగాలు కూడా జరిగాయి. 2021లో ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో ఇరవై కోట్ల పైచిలుకు పెట్టి 24 మీటర్ల గాలి శుద్ధి బురుజు కట్టారు. కొన్నాళ్ళు తిరిగింది, కొన్నాళ్ళు తాళం పడింది. 2025 అక్టోబరు 28న అదే ఢిల్లీ మీద వాన కురిపిద్దామని విమానమెక్కి మేఘాలకు విత్తనాలు చల్లారు. మేఘాల్లో తేమ లేదు. బంజరులో విత్తనం చల్లితే ఏం మొలుస్తుందో మా అనంతపురం రైతునడిగితే పైసా ఖర్చు లేకుండా చెప్పేవాడు.

మనమేమో కడిగిన ముత్యాలమని నేను అనడం లేదు. ఇంటికి రెండు బళ్ళు, బండికి ఒక మనిషి. చెత్త బండి రాని రోజున గుట్ట చేసి అగ్గిపుల్ల గీసేది మనమే. భోగి నాడు పాత చాపలతో పాటు పాత టైరు కూడా మంటలో వేసి, పిల్లల్ని దగ్గరకు తీసుకుని చలి కాచుకునేదీ మనమే. మొన్న నా స్కూటరుకి పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తీరింది. పెట్రోలు బంకు పక్కన ఆగి ఉన్న వ్యాను దగ్గరికి వెళ్ళాను. అందులో కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా, "నంబరు ప్లేటు ఫొటో ఉందాండి?" అన్నాడు.

"బండే తెచ్చాను బాబూ."

"బండెందుకండి, ఫొటో చాలు."

సైలెన్సరులో గొట్టం పెట్టనే లేదు, కాగితం మీద అంకెలు పడిపోయాయి. దశాంశం తర్వాత రెండు స్థానాల దాకా. నా బండి అంత శుచిగా ఊపిరి వదులుతుందని నాకే తెలియదు. సిగ్గుపడాల్సింది పోయి, జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. వాణ్ణి నిలదీస్తే ఇంకో వ్యాను దాకా పోవాలి, ఎండ మండిపోతోంది. తిలాపాపం తలా పిడికెడు, నా పిడికెడు నేను లామినేట్ చేయించాను.

పని జరిగినచోట జరిగింది కూడా. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ఇంధనం దేశమంతటికీ వచ్చింది, కంపెనీలు మూలిగినా వచ్చింది. 2016 నుంచి ఉజ్వల పథకం కింద కోట్ల ఇళ్ళలోకి సిలిండర్లు వెళ్ళాయి. తర్వాత రెండో సిలిండరు కొనలేక మన్యంలో ఆడవాళ్ళు మళ్ళీ కట్టెలు ఊదుతున్నారు, అది వేరే దుఃఖం. గట్టిగా అనుకుంటే ముహూర్తం కుదురుతుందని చెప్పడానికి ఈ రెండూ చాలు. కేంద్రంలో కార్యదర్శిగా చేసి రిటైరై మా ఊళ్ళోనే ఉంటున్న ఈఏఎస్ శర్మగారు ఇలాంటివి గట్టిగా అనుకోమని ప్రభుత్వాలకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఉత్తరాలు అందుతూనే ఉన్నాయి.

మా వీధి చివర ఇస్త్రీ బండి ఉంది. నల్ల ఇత్తడి పెట్టె, అందులో గుప్పెడు బొగ్గులు, పక్కన విసనకర్ర. నలభై ఏళ్ళుగా అదే పెట్టె, ఇతని తండ్రిది. ఢిల్లీలో గాలి చెడినప్పుడు హోటళ్ళ తందూరుల్లో బొగ్గు వాడొద్దని నిషేధం పెడతారు. ఆ గాలి ఇక్కడికీ సోకిందేమో, ఆ మధ్య ఎవరో ఇద్దరు వచ్చి, బొగ్గులతో ఇస్త్రీ చేయకూడదు, పొగ వస్తోంది, గ్యాసు పెట్టె కొనుక్కో అని చెప్పి ఫొటో తీసుకుని వెళ్ళారట. కచ్చితంగా వాళ్ళ నివేదికలో ఒక గడి నిండే ఉంటుంది.

నేను వెళ్ళేసరికి అతను నా తెల్ల చొక్కా పరిచి, పైన సన్నగా పడిన నల్లపొడిని ఊదుతున్నాడు. గట్టిగా తుడిస్తే గీత పడుతుంది, ఊదాలి. అది అతని విద్య.

"ఏటి సార్, నా గుప్పెడు బొగ్గుకే ఊరికి ఊపిరాడట్లేదంట," అన్నాడు. "మరక్కడ కొండలాగ పోసున్నాది కదా, దాన్నేటంటారు?"

"దాన్ని అభివృద్ధి అంటారు," అన్నాను.

"అలాగా," అని మళ్ళీ ఊదాడు. గ్యాసు పెట్టె వేలల్లో ఉందట, వాయిదాల మీద తీసుకుంటున్నాడట. అందుకని చొక్కాకి రెండు రూపాయలు పెంచాడు. దేశంలో బొగ్గు వాడకం మీద కచ్చితంగా అమలైన ఆంక్ష నా కళ్ళారా చూసింది ఇదొక్కటే, దాని ఖర్చు కట్టినవాళ్ళం మేమిద్దరమే. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తే తగులుతుందని రుజువైంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ దగ్గుతోంది. మూడు వారాలుగా తగ్గని దగ్గు. డాక్టరు మందు రాశాడు, పక్కింటి పిన్నిగారు కషాయం రాశారు: మిరియాలు, అల్లం, గుప్పెడు తులసాకు. అమ్మకి డాక్టరు కంటే పిన్నిగారి మీదే గురి. కోటలోంచి ఆకు తెంపుకొచ్చి, స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి కడగడం మొదలుపెట్టాను. మొదటి నీళ్ళు నల్లగా దిగాయి. పారబోసి మళ్ళీ పోశాను, బూడిదరంగు.

"చాల్లేరా, స్టవ్ మీద పెట్టెయ్," అంది అమ్మ దగ్గు మధ్యలో.

మూడోసారి కడిగి గిన్నె వెలుతురుకి పెట్టి చూశాను. అడుగున కాస్త పొడి పేరుకుంది. మరీ అంత లేదు. సంతృప్తికరం.